శుభ్రకారి చేప - దాని వేషధారి

మనుష్యులను వేషమును బట్టి గుర్తించుట లోకములో అలవాటు. తెల్లకోటు ధరించి, మెడలో స్టెతస్కోపు వేసికొని వచ్చినవానిని చూడగానే వైద్యుడని తలచి, రోగి నిస్సంకోచముగా నోరు తెరచి నాలుక చూపును. ఆ తెల్లకోటులో వచ్చినవాడు మోసగాడైనచో రోగి గతి యేమి? వెచ్చని సముద్రములలో, పగడపు కొండల నడుమ, ఇట్టి సంఘటన నిజముగనే జరుగుచున్నది. అచ్చట వైద్యుడొక చిన్న చేప. మోసగాడు కూడ ఒక చిన్న చేపయే. రెంటి వేషము ఒకటే. రోగులుగ వచ్చు పెద్దచేపలు ఒక్కొక్కప్పుడు మోసపోయి, రెక్క చినిగిన తరువాతగాని నిజము తెలిసికొనజాలవు. వేలకొలది చేపల నడుమ ఈ రెంటిని వేరుపరచి చెప్పుట జీవశాస్త్ర విద్యార్థికి మంచి పరీక్ష. చేపను దేనిని బట్టి గుర్తించవలెను, దాని నివాసమును తెలిసికొనుట ఎందులకు అవసరము అను రెండు విషయములును ఈ ఒక్క ఉదాహరణమువలన స్పష్టపడును.

నివాసము

ప్రవాళ భిత్తికలు ఉష్ణమండల సముద్రములలో, లోతు తక్కువగను నీరు తేటగను ఉన్న తావులలో ఏర్పడును. పాలిప్ అను చిన్న జీవులు తమ చుట్టును సున్నపురాతి గూళ్లు కట్టుకొనును. తరతరములుగ ఆ గూళ్లు ఒకదానిపై నొకటి పేరుకొని కొండలవలె పెరుగును. పాలిప్ శరీరములో అతిసూక్ష్మమైన శైవలములు నివసించుచు, సూర్యకాంతి సహాయమున ఆహారము తయారుచేసి, అందులో చాలభాగమును పాలిప్‌కు ఇచ్చును. కాంతి చొరని బురదనీటిలో ఈ వ్యవహారము సాగదు. గోదావరి, కృష్ణ మొదలగు నదులు తెచ్చు మంచినీరును ఒండ్రుమన్నును కలియుటవలననే ఆంధ్రతీరమున పెద్ద ప్రవాళ భిత్తికలు ఏర్పడలేదు. భారతదేశమున ఇవి ముఖ్యముగా లక్షద్వీపములలోను, అండమాన్ నికోబార్ దీవులలోను, మన్నారు, కచ్ సింధుశాఖలలోను కలవు.

ప్రవాళ భిత్తిక యొక మహానగరమువంటిది. పగడపు కొమ్మల నడుమ సందులు, గుహలు, మిట్టలు, ఇసుకబయళ్లు అసంఖ్యాకముగ ఉండును. ఒక్కొక్క సందును ఒక్కొక్క జీవి ఇల్లుగా చేసికొనును. నగరములో అంగళ్లకు నిర్ణీతమైన తావులున్నట్లే ఇచ్చట కూడ కొన్ని తావులకు ప్రత్యేకత కలదు. చుట్టుపట్ల కంటె ఎత్తుగా నిలిచిన ఒక పగడపు దిబ్బయో, ముందుకు పొడుచుకొని వచ్చిన ఒక రాతి అంచో చేపలందరకు తెలిసిన గురుతుగా ఉండును. అట్టి చోట పెద్దచేపలు గుమిగూడి, కదలక మెదలక, తమ వంతుకొరకు కనిపెట్టుకొని ఉన్నచో అది శుభ్రకారి చేప నివాసమని తెలిసికొనవచ్చును.

అంగడిలో జరుగు పని

చేపలను బాధించు పరాన్నజీవులు చాల కలవు. వానిలో గ్నాథియిడ్‌లు ముఖ్యమైనవి. ఇవి రొయ్యలకు దూరపు బంధువులు. పెరిగిన గ్నాథియిడ్‌లు ఆహారము తినవు. వాని పిల్లలు మాత్రము, పశువులను పట్టు పిడుదులవలె, చేపల చర్మమును మొప్పలను పట్టి రక్తము పీల్చి, పిమ్మట రాలిపోవును. చేతులు లేని చేప వీనిని తీసివేసికొనజాలదు. గేదె వీపుపై వ్రాలి పిడుదులను ఏరి తిను కాకిని, గోరువంకను పల్లెలలో చూడనివారు లేరు. ప్రవాళ భిత్తికలో ఆ పని చేయునది శుభ్రకారి చేప.

పెద్దచేప సమీపించగానే శుభ్రకారి తోకభాగమును పైకిని క్రిందికిని ఊపుచు, అలలవలె ఈదుచు ఎదురువచ్చును. దీనిని శాస్త్రజ్ఞులు నాట్యమని వర్ణింతురు. ఆ నాట్యమును చూచిన పెద్దచేప నిలిచిపోయి, రెక్కలు విప్పి, కొన్ని జాతులలో తల పైకెత్తి, మరి కొన్నిటిలో తల క్రిందికి వంచి, నోరును మొప్పల కప్పులను తెరచును. శుభ్రకారి దాని ఒడలెల్ల తడవి చూచి, పరాన్నజీవులను ఏరి తినును. నోటిలోనికిపోయి పండ్ల నడుమ వెదకి, మొప్పల సందునుండి వెలికి వచ్చుటయు కలదు. మోరే అను మలుగుపామువంటి చేపయు, గ్రూపర్ అను పెద్దచేపయు చిన్నచేపలను మ్రింగి బ్రదుకునవే. అయినను అవి తమ నోటిలో తిరుగు శుభ్రకారిని సాధారణముగ మ్రింగవు.

ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరభాగమునందలి లిజార్డ్ దీవియొద్ద అలెగ్జాండ్రా గ్రట్టర్ అను శాస్త్రజ్ఞురాలు ఈ పనిని లెక్కించిరి. 1996లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారము ఒక్క శుభ్రకారి దినమునకు సుమారు 2,300 పర్యాయములు ఇతర చేపలను పరీక్షించి, సుమారు 1,200 పరాన్నజీవులను తినును. నాలుగంగుళముల చేపకు ఇది సామాన్యమైన పని కాదు.

శుభ్రకారిని గుర్తించుట

ఈ చేప శాస్త్రీయ నామము లాబ్రాయిడిస్ డైమిడియేటస్. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వాలెన్సియెన్ 1839లో దీనికి డైమిడియేటస్ అను జాతినామము నొసగెను. ఆ లాటిన్ మాటకు రెండు సగములుగ విభజింపబడినదని అర్థము. శరీరమును పొడుగునా రెండుగ చీల్చునట్లున్న నల్లని చారను చూచినచో ఆ పేరు తగియున్నదని తెలియును. ఇది ర్యాస్ అను చేపల కుటుంబమునకు, అనగా లాబ్రిడేకు చెందినది. లాబ్రాయిడిస్ ప్రజాతిలో మొత్తము అయిదు జాతులు కలవు. 1958లో జాన్ రాండల్ ఈ ప్రజాతిని సమగ్రముగ పరిశీలించి, అందులో రెండు కొత్త జాతులను వర్ణించెను. అయిదింటిలో ఎక్కువ విశాలముగ వ్యాపించినది డైమిడియేటసే. ఎర్రసముద్రము, తూర్పు ఆఫ్రికా తీరము మొదలుకొని హిందూ మహాసముద్రమంతటను, పసిఫిక్ మధ్యభాగమందలి దీవులవరకును, ఉత్తరమున జపాను దక్షిణతీరమువరకును ఇది కనబడును. ఒకటి రెండు మీటర్ల లోతునుండి సుమారు 40 మీటర్ల లోతువరకు నివసించును.

దీని శరీరము సన్నగా, పొడవుగా ఉండును. సాధారణముగ 10 సెంటీమీటర్లు, మిక్కిలి పెరిగినచో 14 సెంటీమీటర్లు. ముందుభాగము లేత వన్నె కలిగి, తోకవైపు పోవుకొలది నీలముగ మారును. ముట్టె కొననుండి బయలుదేరిన నల్లని చార కంటిమీదుగా సాగి, వెనుకకు పోవుకొలది వెడల్పై, తోక చివరవరకు చేరును. పిల్లచేపలు ఇట్లుండవు. వాని శరీరము నల్లగా ఉండి, వీపు పొడుగునా మెరయు నీలిగీత యుండును. తల్లిని పిల్లను ప్రక్కప్రక్కన పెట్టినచో, తెలియనివారు అవి రెండు వేర్వేరు జాతులని భావింతురు. రంగును మాత్రమే నమ్ముకొన్నవారికి ఇది మొదటి హెచ్చరిక.

ఈ నీలము, ఈ నల్లచార అలంకారమునకు ఏర్పడినవి కావు. అమెరికా తూర్పువైపునగల కరిబియన్ సముద్రములో లాబ్రాయిడిస్ జాతులు లేవు. అచ్చట శుభ్రపరచు పనిని గోబీ అను వేరొక కుటుంబపు చిన్నచేపలు చేయును. ఆశ్చర్యమేమనగా వానిలో పెక్కింటికి కూడ నల్లచారయు, నీలపు లేక పసుపుపచ్చని గీతయు కలవు. బంధుత్వము లేని చేపలు ఒకే వృత్తికి ఒకే గురుతును ధరించినవి. పగడముల రంగులమధ్య దూరమునుండి కంటికి ఆనునట్టి గురుతు ఇదియే. కనుక ఈ చార యొక అంగడి పలకవంటిది. అంగడి పలక ఇచ్చట ఏ పని జరుగునో చెప్పును. అంగడివాడు ఎవడో చెప్పదు.

వేషధారి

ఆ పలకను దొంగిలించిన చేప పేరు ఆస్పిడాంటస్ టీనియేటస్. క్వా, గేమార్డ్ అను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞులు 1834లో దీనిని వర్ణించిరి. ఇది బ్లెన్నీ కుటుంబమునకు చెందినది. ర్యాస్‌లకును దీనికిని దగ్గర బంధుత్వము లేదు. హిందూ మహాసముద్రములోని రూపమును కొందరు ప్రత్యేకమైన ఉపజాతిగా లెక్కింతురు. దీని పొడవు, సన్నని ఆకారము, నీలివన్నె, వెనుకకు వెడల్పగు నల్లచార అన్నియు శుభ్రకారివే. పసిఫిక్‌లోని కొన్ని దీవులయొద్ద శుభ్రకారి ప్రక్కభాగమున నారింజవన్నె మచ్చ యుండును. అచ్చటి వేషధారికి కూడ అదే మచ్చ కలదు! రూపమేగాక నడతను కూడ ఇది అనుకరించును. శుభ్రకారి చేయు నాట్యమును తానును చేయుచు పెద్దచేపను సమీపించును. నమ్మి రెక్కలు విప్పిన చేపను కొరికి, రెక్క తునకతో పారిపోవును. తెలుగున మేకవన్నె పులి యను మాట దీనికి సరిగా సరిపోవును. ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ 1950 తరువాతి దశకములో సముద్రములో మునిగి, ఈ కపటమును కండ్లార చూచి లోకమునకు వెల్లడించెను.

రంగు, పరిమాణము, నడత మూడును ఒకటైనపుడు ఇక వేరుపరచుట ఎట్లు? శరీర నిర్మాణమును చూడవలెను. పరీక్షింపదగిన అంశములు ఇవి:

1. నోరు. శుభ్రకారి నోరు ముట్టెయొక్క చిట్టచివర, ఎదురుగా తెరచుకొనును. వేషధారికి ముట్టె ముందుకు పొడుచుకొని వచ్చి, నోరు దాని అడుగున దాగియుండును. అన్నిటికంటె సులభమైన గురుతు ఇదియే. ఐతే చేపను పైనుండి చూచినచో ఇది కనబడదు, ప్రక్కనుండి చూడవలెను.

2. పెదవులు, పండ్లు. శుభ్రకారి పెదవులు మందముగ ఉండును. క్రింది పెదవి రెండు పాయలుగ ఉండును. వేషధారి క్రింది దవడలో వెనుకకు వంగిన పెద్ద కోరలు రెండు కలవు.

3. పొలుసులు. శుభ్రకారి శరీరము చిన్న పొలుసులతో కప్పబడియుండును. బ్లెన్నీలకు పొలుసులు లేవు. వాని చర్మము నున్నగా ఉండును.

4. వీపు రెక్క. దీనిని పృష్ఠవాజమందురు. వేషధారికి ఇది తలవెనుకనే మొదలై తోకదాక సాగును. శుభ్రకారికి మరికొంత వెనుకనుండి మొదలగును.

5. పొట్ట రెక్కలు. శుభ్రకారికి ఇవి ప్రక్కరెక్కల క్రింద ఉండును. వేషధారికి మిక్కిలి చిన్నవై, ప్రక్కరెక్కలకంటె ముందుగా గొంతుక్రింద ఉండును.

6. ఇల్లు. భయపడినపుడు వేషధారి పురుగులు విడిచిన గొట్టములోనికో, చిన్న రంధ్రములోనికో తోక ముందు పెట్టి వెనుకకు దూరి, తలమాత్రము వెలికి కనబడునట్లు కూర్చుండును. శుభ్రకారి తన అంగడివద్దనే యుండి, వచ్చు చేపలకొరకు బయట తిరుగుచుండును.

మొదటి అయిదు గురుతులును శరీరమునకు సంబంధించినవి. ఆరవది నివాసమునకు సంబంధించినది. చచ్చిన చేప చేతిలో ఉన్నవానికి మొదటివి పనికివచ్చును. నీటిలో మునిగి చూచువానికి మొదటిదియు చివరిదియు చాలును.

రంగుకంటె నిర్మాణమునకే ప్రాధాన్యమిచ్చుటకు శాస్త్రజ్ఞులకు ఇంకొక కారణము కలదు. సారాయిలో భద్రపరచిన చేప రంగు కొలది కాలములో వెలిసిపోవును. నోరు, పండ్లు, రెక్కల ముళ్లసంఖ్య మారవు. ఈ విషయమున తెలుగుదేశమునకు ఒక పాతసంబంధము కూడ ఉన్నది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు విశాఖపట్టణమున చేపలను సేకరించి, పటములు వ్రాయించి, 200 చేపల వర్ణనలతో 1803లో లండనులో గ్రంథమును ప్రకటించెను. అందు స్థానికులు పలుకు పేర్లను కూడ ఇంగ్లీషు లిపిలో వ్రాసి ఉంచెను. అట్టి పేర్లలో కొన్ని తరువాత శాస్త్రీయ నామములలో చేరినవి. వాలుగ చేపకు గల వల్లాగో అను ప్రజాతినామము తెలుగు మాటనుండి పుట్టినదే.

కపటము ఎంతవరకు సాగును?

ఎప్పుడును మోసము చేయువాని అంగడి చాలకాలము నడవదు. వేషధారులు శుభ్రకారులకంటె ఎక్కువైనచో, పెద్దచేపలు నల్లచారను చూడగనే నమ్ముటకు బదులు పారిపోవుటయో, తరుముటయో చేయును. అపుడు వేషమునకు విలువ ఉండదు. కాబట్టి అనుకరించునది అసలుదానికంటె అరుదుగ ఉన్నపుడే అనుకరణము ఫలించును. అనుభవములేని పిల్లచేపలు సులభముగ మోసపోవును. ఒకటి రెండు సారులు కాటుతిన్న పెద్దచేపలు జాగ్రత్తపడును.

ఈ కథలో ఇటీవల తెలిసిన విశేషమొకటి కలదు. జపాను దక్షిణ దీవులయొద్ద జరిగిన పరిశీలనలలో ఈ వేషధారి కడుపులోనికి పోవు ఆహారములో చేపల రెక్కలు ముఖ్యభాగము కావని తేలినది. ఇతర చేపలు పెట్టిన గ్రుడ్లు, గొట్టపుపురుగుల మీసములు, పెద్ద ఆలుచిప్పల మెత్తని అంచులు దీని ప్రధానాహారము. రెక్కలు కొరుకుట ఎక్కువగా చిన్నవయస్సులోని చేపల పని. అట్లైన ఈ వేషమువలన ముఖ్యలాభమేమి? శుభ్రకారిని పెద్దచేపలు మ్రింగవు. ఆ వేషము ధరించినదానిని కూడ మ్రింగవు. కనుక ఈ వేషము కాటువేయుటకే కాక, ప్రాణము కాపాడుకొనుటకు కూడ ఉపయోగపడును.

ప్లాజియోట్రీమస్ రైనోరింకస్ అను వేరొక బ్లెన్నీ మాత్రము ఇతరచేపల చర్మము, పొలుసులు, రెక్కలనే తిని బ్రదుకును. అది పెద్ద శుభ్రకారిని గాక, నీలిగీతగల పిల్ల శుభ్రకారిని అనుకరించును. శుభ్రకారులు దగ్గరలేనపుడు రంగు మార్చుకొనుట కూడ దానికి తెలియును. దీని నోరు కూడ ముట్టె అడుగుననే యుండును.

శుభ్రకారి నిజాయితీ

ఇంతవరకు చదివినవారు శుభ్రకారి పరోపకారియనియు, వేషధారి దుష్టుడనియు తలపవచ్చును. ప్రకృతిలో ఇట్టి విభాగము లేదు. 2003లో గ్రట్టర్, రెడువాన్ ష్వారీ అను శాస్త్రజ్ఞులు శుభ్రకారి ఎదుట గ్నాథియిడ్‌లను, చిలుకచేప చర్మముపైని శ్లేష్మమును ఉంచి పరీక్షించిరి. శుభ్రకారి శ్లేష్మమునే ఎక్కువగ కోరెను! చేపకు శ్లేష్మము రక్షణకవచము. దానిని పోగొట్టుకొనుట నష్టము. అనగా శుభ్రకారికి కూడ మోసముచేయు బుద్ధి లేకపోలేదు. అది శ్లేష్మమును కొరికినపుడు పెద్దచేప ఉలికిపడి ఒడలు విదిలించును.

మరి శుభ్రకారి ఎక్కువ భాగము పరాన్నజీవులనే తినుటకు కారణమేమి? దానిని అదుపులో ఉంచు ఏర్పాట్లు కలవు. మోసపోయిన చేప శుభ్రకారిని తరుమును. దూరదూరముగ తిరుగు చేపలైనచో ఆ అంగడిని విడిచి మరియొక అంగడికి పోవును. అందుచేతనే ఒకే సమయమున రెండు చేపలు వచ్చినచో, శుభ్రకారి తరచుగ ఊరూర తిరుగు చేపకు ముందు సేవచేసి, ఎచ్చటికిని పోలేని స్థానిక చేపను కనిపెట్టుకొని ఉండునట్లు చేయును. ఎదుటి అంగడిగల వర్తకుడు పొరుగూరి కొనుగోలుదారునకు చూపు మర్యాదవంటిది ఇది.

మరియొక అదుపు కుటుంబములోనే కలదు. ఒక మగచేపయు, కొన్ని ఆడచేపలును ఒక ప్రదేశమును పంచుకొని నివసించును. జంటగా పనిచేయునపుడు ఆడచేప పెద్దచేపను కొరికినచో, అది కోపించి వెడలిపోవును. మగచేపకు కూడ ఆహారము పోవును. అపుడు మగచేప ఆడచేపను తరిమి శిక్షించును. శిక్షింపబడిన ఆడచేప తరువాత మోసము తగ్గించునని 2010లో ప్రకటించిన ప్రయోగములు చూపినవి.

ఈ కుటుంబములో మగచేప చనిపోయినచో ఏమగును? ఆడచేపలలో పెద్దది మగదిగ మారును. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని హెరాన్ దీవియొద్ద రాబర్ట్‌సన్ అను శాస్త్రజ్ఞుడు 1972లో దీనిని వెల్లడించెను. కొన్ని గంటలలోనే అది మగచేపవలె ప్రవర్తింప నారంభించును. రెండుమూడు వారములలో దాని శరీరము నిజముగనే పుంబీజములను తయారుచేయును. అంగడి మూతపడదు.

శుభ్రకారి లేకున్నచో?

ఒక చిన్నచేప ఉన్నను లేకున్నను ఇంత పెద్ద భిత్తికకు నష్టమేమి అని అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము సులభముగ దొరకలేదు. బహామా దీవులయొద్ద రెండు చిన్న భిత్తికలనుండి శుభ్రపరచు జీవులను తొలగించగా కొలది దినములలోనే పెక్కు చేపలు వెడలిపోయినవని కాన్‌రాడ్ లింబా 1961లో వ్రాసెను. తరువాత హవాయి దీవులలో జార్జి లూసీ తత్సమానమైన ప్రయోగము చేసి, 1972లో ప్రకటించెను. అందులో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు వచ్చినపుడు శాస్త్రము తొందరపడి ఒకదానిని ఎన్నుకొనదు. మరింత ఓపికతో మరల పరీక్షించును.

ఆ ఓపిక లిజార్డ్ దీవియొద్ద ఫలించినది. అచ్చట కొన్ని చిన్న భిత్తికలనుండి శుభ్రకారులను ఎప్పటికప్పుడు తొలగించుచు, మరి కొన్నిటిని ముట్టక విడిచి, ఎనిమిదిన్నర సంవత్సరములు పరిశీలించిరి. 2011లో ప్రకటించిన ఫలితములను బట్టి, శుభ్రకారులు లేని భిత్తికలలో స్థిరనివాసులైన చేపల సంఖ్య సుమారు 37 శాతమును, వాని జాతుల సంఖ్య సుమారు 23 శాతమును తక్కువగ ఉండెను. అచ్చటి డామ్‌సెల్ చేపలు పరిమాణములో కూడ చిన్నవై యుండెను. నష్టము నిజమే, కాని అది వారములలో గాక సంవత్సరములలో బయటపడు నష్టము.

ఈ కారణమున శుభ్రకారికి కలుగు అపాయము ఆ ఒక్క జాతితో ఆగదు. అందమైన చేపయగుటచే దీనిని గాజుతొట్లలో పెంచుటకై పట్టి అమ్ముదురు. భిత్తికపై వందలకొలది చేపలవలన దొరకు ఆహారము తొట్టిలో దొరకదు. అందుచే చాలవరకు ఇవి అచ్చట ఎక్కువకాలము బ్రదుకవు. సముద్రపునీరు మితిమించి వేడెక్కినపుడు పగడములు తమలోని శైవలములను పోగొట్టుకొని తెల్లబడును. 2014, 2015 సంవత్సరములలో వచ్చిన తుపానులకును, 2016లో పగడములు తెల్లబడుటకును పిమ్మట లిజార్డ్ దీవియొద్ద లెక్కించగా, శుభ్రకారులు ఐదింట నాలుగువంతులు తగ్గిపోయినట్లు తేలినది. నివాసము చెడినచో అందులోని వైద్యుడును మిగులడు.

తరగతిగదిలో

శుభ్రకారిని చూచుటకు లక్షద్వీపములకో అండమానుకో పోవుట అందరకు సాధ్యముకాదు. కాని గుర్తించు పద్ధతిని నేర్చుకొనుటకు ఊరి చేపలబజారు చాలును. ఉపాధ్యాయులు బొచ్చె, శీలవతి, ఎర్రమోసు అను మూడు చేపలను తెప్పించి, విద్యార్థులచే ప్రక్కనుండి చూపించవలెను. మూడును ఒకే కుటుంబమునకు చెందిన మంచినీటి చేపలే. బొచ్చె నోరు పైకి తిరిగి యుండును; అది నీటి పైభాగమున తేలు ఆహారమును తినును. శీలవతి నోరు కొంచెము అడుగుకు తిరిగి, పెదవులకు కుచ్చులవంటి అంచులుండును. అది నడిమి నీటిలో మేయును. ఎర్రమోసు చెరువడుగున మేయు చేప. చేప నోటిని చూచి అది చెరువులో ఏ అంతస్తున మేయునో ఊహించుట, పిమ్మట ఆ ఊహను పెంపకందారుల నడిగి సరిచూచుకొనుట మంచి అభ్యాసము. పొలుసులు తడవి చూచుట, వీపురెక్క ఎచ్చట మొదలగునో కొలుచుట, పొట్టరెక్కల స్థానమును వ్రాసికొనుట దీనికి తోడు చేయవచ్చును. ఈ మూటికి తోడు వాలుగనో జెల్లనో పెట్టినచో పొలుసులు లేని చర్మమెట్లుండునో తెలియును.

ఇట్లు కొలది దినములు అభ్యసించిన విద్యార్థి నల్లచార గల రెండు చేపల పటములను చూచినచో, రంగు దగ్గర ఆగిపోక నోటిని వెదకును. పెద్దచేపకు ఆ అవకాశము లేదు. అది నాట్యమును చూచి రెక్కలు విప్పి నిలువవలసినదే. ఎదుట వచ్చినది శుభ్రకారియో, వేషధారియో కాటు పడినపుడే దానికి తెలియును.